పగారెంతొస్తది?

మొన్న ఎండాకాలం సెలవుల్లో తాండూరులో మా చిన్నాయన ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. చిన్నాయన బిడ్డ ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతోనే పాసైంది. ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుకు సీఎస్‌ఈ రాకపోయినా ఏదో ఒక కాలేజీలో సివిలో, ట్రిపుల్ఈనో దొరుకుతుంది. ఇంట్లో అందరం ఆ లెక్కల్లో ఉండగా పిల్ల మెల్లగా బయటపెట్టింది: "నేను ఇంజనీరింగ్ చెయ్య. హైదరాబాద్‌ల ఇఫ్లూల బీఏ స్పానిష్ చదువుత."

మా చిన్నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాడు. కోపం తొందరగా రాదు. కాసేపు ఊకుండి ఒకటే మాట అడిగాడు: "గది సదివితె పగారెంతొస్తది?"

అందరూ నా దిక్కు చూశారు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివేది నేనొక్కడినే కాబట్టి ప్రపంచంలోని ఉద్యోగాలన్నీ నాకు తెలుసని వాళ్ల నమ్మకం. నేను జవాబు చెప్పకుండా తెలివి చూపించబోయాను. "స్పానిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీస్, రొమేనియన్... వీటన్నిటినీ కలిపి రొమాన్స్ భాషలంటరు చిన్నాయనా" అన్నాను. అంతే, లోపల రొట్టెలు చేస్తున్న చిన్నమ్మ బయటికొచ్చింది. "సదువుకునే పిల్లకు రొమాన్సేందిరా?"

ఆ రోజు పంచాయితీ నవ్వులతోనే ముగిసింది. కానీ చిన్నాయన ప్రశ్న అక్కడే ఉండిపోయింది. దానికి ఈ నాలుగు నెలల్లో నాకు దొరికిన జవాబే ఈ వ్యాసం. మన మ్యాగజైన్‌లో ఎప్పుడూ కథలు, కవితలు వేస్తాం కదా, ఈసారి ఒక డిగ్రీ గురించి ఎందుకంటారేమో. అది భాష గురించిన డిగ్రీ. మనది భాష పేరు పెట్టుకున్న క్లబ్బు.

ముందు రొమాన్స్ సంగతి తేల్చేద్దాం. రోమన్ సామ్రాజ్యపు భాష లాటిన్. దాని నుంచి జనం నోళ్లలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో తీరుగా మారిన మాటను "రోమన్ జనం మాట్లాడే తీరు" అన్న అర్థంలో రొమాన్స్ అన్నారు. తర్వాత ఫ్రాన్సులో ఆ జనభాషలో రాసిన సాహస గాథలకూ, ప్రేమ కథలకూ అదే పేరు అంటుకుంది. భాష పేరు కథకు, కథ పేరు ప్రేమకు పోయిందన్న మాట. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే పాల్కురికి సోమనాథుడు. సంస్కృతం దండిగా వచ్చి కూడా జాను తెనుగు కావాలని పట్టుబట్టి, ద్విపదలో బసవ పురాణం రాశాడు. ఆయన తర్వాత కొద్ది కాలానికే ఇటలీలో దాంతే అదే పని చేశాడు. లాటిన్ వదిలి వీధిలో మాట్లాడే ఇటాలియన్‌లో తన మహాకావ్యం రాశాడు. చిన్నమ్మకు ఇదంతా చెప్పలేదు. "రోమ్ ఊరి భాషలు" అన్నాను, ఊరుకుంది.

ఇక పగారు. ఈ మాట మీద ఒక రోజు ఊరికే అనుమానమొచ్చి వెతికాను. మన తెలంగాణలో జీతాన్ని పగారంటాం. పోర్చుగీసులో "పగార్" అంటే చెల్లించడం. గోవా తీరంలో దిగిన మాట మరాఠీ, దక్కనీల మీదుగా మన దాకా వచ్చింది. అంటే ఈ రొమాన్స్ భాషలు చదివితే ఏమొస్తదని మా చిన్నాయన అడిగింది రొమాన్స్ భాష మాటతోనే! ఆయన ఇంట్లో చూస్తే అల్మారా పోర్చుగీసుదే, దాని చాబీ పోర్చుగీసుదే, బాయి దగ్గరి బాల్టీ, దండెం మీది తువ్వాల, ఇస్త్రీ, జడకు కట్టే ఫీత, ఇల్లు కట్టిన మేస్త్రీ, పెరట్లో బొప్పాయి, అన్నీ ఆ ఓడల్లో దిగినవే. తాండూరు సముద్రం మొహం చూడని ఊరు. ఐదు వందల ఏళ్ల కింద లిస్బన్ నుంచి బయల్దేరిన మాటలు బండల గనుల దాకా నడిచొచ్చాయి.

ఇలాంటి ముచ్చట్లు బాగుంటాయి కానీ వీటితో ఇంట్లో పంచాయితీ గెలవలేం. "అల్మారా పోర్చుగీసు మాట, అందుకని బీఏ స్పానిష్ చెయ్యనియ్యి" అంటే చిన్నాయన నన్ను కూడా మాన్పించి బండల ఫ్యాక్టరీకి తోలుకపోతాడు. కాబట్టి డిగ్రీ అంటే ఏంటో చూద్దాం.

ఇఫ్లూ అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. తార్నాక దగ్గర, ఉస్మానియా పక్కనే. 1958లో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ ఇచ్చే సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలు కలుపుకొని సీఫెల్ అయింది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. దేశంలో భాషల కోసమే ఉన్న పెద్ద విశ్వవిద్యాలయం మనకు రైలు దూరంలో ఉంది. కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి పిల్లలొచ్చి చదువుకుంటారు. మన దగ్గర ఇంటర్ పిల్లల్ని అడగండి, ఎంతమందికి దాని పేరు తెలుసో. ఇది కాక ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది, అక్కడ ఫ్రెంచ్‌కు ఒక కేంద్రం, స్పానిష్, పోర్చుగీస్, ఇటాలియన్‌లకు కలిపి ఇంకో కేంద్రం ఉన్నాయి. ఢిల్లీ యూనివర్సిటీలో ఏకంగా జర్మానిక్ అండ్ రొమాన్స్ స్టడీస్ అనే డిపార్ట్‌మెంటే ఉంది. బీఏలో చేరడానికి ఆ భాష ముందే రావాలని లేదు, అక్షరాల దగ్గర్నుంచే మొదలుపెడతారు.

ఇక్కడే నా మొదటి అభిప్రాయం చెప్తాను, కొందరికి నచ్చదు. యూరప్ పోవడానికో, కెనడా పాయింట్ల కోసమో ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్లు ఈ డిగ్రీ చెయ్యొద్దు. వాళ్లకు కావాల్సింది కోర్సు. ఎ1, ఎ2, బి1, బి2 అని మెట్లుంటాయి. అలియాన్స్ ఫ్రాన్సేజ్ లాంటి చోట సాయంత్రం క్లాసులకు పోయి, కావాల్సిన పరీక్ష రాస్తే సరిపోతుంది. దానికి మూడు నాలుగేళ్ల డిగ్రీ దండగ. డిగ్రీలో భాష నేర్చుకోవడం సగమే. మిగతా సగం ఆ భాష ఎట్లా పుట్టింది, దాని శబ్దాలు ఎట్లా మారాయి, దానిలో ఎవరేం రాశారు, స్పెయిన్ అమెరికాలో ఏం చేసింది, ఒక భాషలోంచి ఇంకో భాషలోకి అర్థాన్ని ఎట్లా దాటించాలి అనేవి. మనం కారు నడపడం నేర్చుకోవడానికీ మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికీ ఉన్న తేడా లాంటిది. ఈ తేడా చెప్పకుండా "ఫారిన్ లాంగ్వేజ్ చేస్తే ఫారిన్ పోవచ్చు" అని పిల్లల్ని చేర్పించడం వల్లే మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు.

మా చెల్లెను నేను మొదట అదే అడిగాను, "ఫారిన్ కోసమా?" అని. కాదంది. "మరెందుకు?" అంటే, "అవ్వ వల్ల" అంది.

మా అవ్వది సేడం. తాండూరు నుంచి పోతే సరిహద్దు దాటాక వచ్చే కర్ణాటక ఊరు. కోడలిగా తాండూరుకు వచ్చి అరవై ఏళ్లయినా ఇప్పటికీ కోపమొస్తే కన్నడమే. ఆమె దగ్గర పెరిగిన మా అందరికీ చిన్నప్పుడే ఒక ఆట తెలుసు. తెలుగు మాటలో ముందున్న "ప" తీసి "హ" పెడితే చాలాసార్లు కన్నడమైపోతుంది. పాలు హాలు. పులి హులి. పువ్వు హూవు. పాము హావు. పల్లె హళ్ళి. పండు హణ్ణు. మాకిది ఆటే. నిజానికి పాత కన్నడంలో కూడా అది "పాలే", వెయ్యేళ్ల కింద మెల్లమెల్లగా "హ" అయింది.

చెల్లె యూట్యూబ్‌లో స్పానిష్ పాఠాలు చూస్తూ ఒక రోజు ఆగిపోయిందట. పిండిని ఇటాలియన్‌లో ఫరీనా, ఫ్రెంచ్‌లో ఫరీన్ అంటారు. స్పానిష్‌లో రాసేటప్పుడు "హరీనా", పలికేటప్పుడు ఆ "హ" కూడా పోయి "అరీనా". చీమ ఇటాలియన్‌లో ఫొర్మీకా, ఫ్రెంచ్‌లో ఫుర్మీ, స్పానిష్‌లో ఓర్మీగా, రాతలో ముందు "హ" ఉంటుంది. పొయ్యి ఇటాలియన్‌లో ఫోర్నో, స్పానిష్‌లో ఓర్నో. లాటిన్ "ఫ" స్పానిష్‌లో "హ" అయి, ఆ తర్వాత నోటి నుంచి మాయమైంది. "అన్నా, గిది అవ్వ ఆటే కదా!" అని నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. ఆ మాట విన్నాక నాకు ఈ పిల్లకు బండలూ, బ్రిడ్జీలూ వద్దని తెలిసిపోయింది.

దీనికి శాస్త్రంలో ఒక చరిత్ర కూడా ఉంది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఎల్లిస్ అనే ఆయన మద్రాసులో 1816లోనే రాశాడు. రొమాన్స్ భాషలన్నిటికీ కలిపి ఫ్రీడ్రిక్ డీట్స్ వ్యాకరణం రావడం మొదలైంది 1836లో. తర్వాత కాల్డ్వెల్ 1856లో ద్రావిడ భాషల మీద రాశాడు. మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో కూర్చుని గోండి, కువి, కొండ, తెలుగులను పక్కపక్కన పెట్టి చేసింది ఇదే పని. లాటిన్‌కు రాతలో సాక్ష్యం ఉంది కాబట్టి అక్కడ ఏ శబ్దం ఎట్లా మారిందో కళ్లారా చూడొచ్చు. మన మూల ద్రావిడానికి రాత లేదు, అంతా లెక్క కట్టి ఊహించాలి. అందుకే రొమాన్స్ భాషలు బాగా చదివినవాళ్లు తిరిగొచ్చి తెలుగును చూస్తే, మనకు కనబడనివి వాళ్లకు కనబడతాయని నా నమ్మకం. తాండూరు బజార్లో తెలుగు, కన్నడ, దక్కనీ ఉర్దూ, లంబాడీ, ఒక్కోసారి మరాఠీ ఒకే దుకాణం ముందు వినబడతాయి. ఈ చెవి ఉన్న పిల్లలు ఈ చదువుకు పనికిరాకపోతే ఇంకెవరు పనికొస్తారు?

అయితే అడ్డం ఎక్కడుందంటే ఇంగ్లీషు దగ్గర.

చెల్లె పది దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. ఎంట్రెన్స్ ఇంగ్లీషులో, అక్కడి పాఠాల్లో మొదట్లో ఆసరా ఇంగ్లీషే, పుస్తకాలన్నీ ఇంగ్లీషు నుంచి స్పానిష్‌కు తీసుకుపోయేవే. స్పానిష్ నేర్చుకోవడానికి ముందు ఇంగ్లీషు గేటు దాటాలి. ఇది పేదింటి పిల్లలకు, పల్లె పిల్లలకు అన్యాయం. పోనీ ఇంగ్లీషు దారి దగ్గరిదా అంటే అదీ కాదు. స్పానిష్‌లో "మె గుస్తా ఎల్ మాంగో" అంటారు. ఇంగ్లీషు పుస్తకం దీనికి రెండు పేజీల వివరణ ఇస్తుంది, ఇక్కడ కర్త నేను కాదు మామిడి, జాగ్రత్త అని. మనకు వివరణ ఎందుకు? "నాకు మామిడిపండు నచ్చుతుంది." పండ్లు ఎక్కువైతే వాళ్లు "గుస్తాన్" అంటారు, మనం "నచ్చుతాయి" అంటాం. అచ్చం అదే కట్టుబడి. అట్లాగే క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోవడం: ఆబ్లో అంటే మాట్లాడుత, ఆబ్లాస్ అంటే మాట్లాడుతవ్, ఆబ్లామోస్ అంటే మాట్లాడుతం. "నేను", "నువ్వు" చెప్పాల్సిన పనే లేదు. ఫ్రెంచ్ మాత్రం ఈ విషయంలో ఇంగ్లీషులాగే మొండి, సర్వనామం లేకపోతే ఒప్పుకోదు. మనకు కష్టమైంది లింగం. కుర్చీ ఆడదా మగదా అంటే తెలుగువాడు తెల్లమొహం వేస్తాడు. కానీ తాండూరు పిల్లలకు ఉర్దూ వచ్చు, అక్కడ కుర్సీ ఆడదే, స్పానిష్ కుర్చీ కూడా ఆడదే.

మన పిల్లలకు ఇంగ్లీషు కన్నా స్పానిష్ దగ్గర. ఆ దగ్గరి దారి మీద పుస్తకం లేదు, అంతే. తెలుగు నుంచి నేరుగా స్పానిష్‌కో, ఫ్రెంచ్‌కో మంచి వ్యాకరణం, మంచి నిఘంటువు, పాఠాలు కావాలి. యానాంలో 1954 దాకా ఫ్రెంచ్ పాలన ఉండింది. అక్కడి తెలుగువాళ్లకు ఫ్రెంచ్ మధ్యలో ఇంగ్లీషు లేకుండానే వచ్చింది. అటు పారిస్‌లో ఇనాల్కో అనే సంస్థలో ఫ్రెంచ్ విద్యార్థులకు తెలుగు నేర్పుతారు. వాళ్లు మన దాకా నేరుగా దారి వేసుకున్నారు. మనం మాత్రం హ్యూగోను, మపాసాను, నెరూడాను చాలామట్టుకు ఇంగ్లీషు నుంచే తెలుగులోకి తెచ్చుకుంటున్నాం. ఎంగిలి అనను, ఆ అనువాదకులు చేసిన సేవ చిన్నది కాదు. కానీ నేరుగా తేగలిగినవాళ్లు పది మంది ఉంటే ఎట్లా ఉండేది? ఆ పది మంది ఎక్కడ తయారవుతారు, ఇలాంటి డిగ్రీల్లో కాకపోతే?

ఏటా సభల్లో వినే ఒక మాట ఇక్కడ గుర్తొస్తుంది. తెలుగు "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అని. పదాలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ పోలిక పుట్టింది. చప్పట్లు కూడా కొడతాం. ఆ సభలో ఇటాలియన్ ఒక్క వాక్యం వచ్చినవాళ్లు ఎంతమంది అని నేనెప్పుడూ లెక్కపెట్టలేదు కానీ, వేళ్లు మిగిలిపోతాయి. రెండో భాష ఎంచుకునే అవకాశం వచ్చినప్పుడు మనమేం చేశాం? ఇంటర్‌లో ఫ్రెంచ్ కూడా ఒక ఆప్షనే, పుస్తకంలో ఉంది. మనమంతా మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాం. తొంభై ఎనిమిది వచ్చింది. సంస్కృతం మాత్రం రాలేదు.

హాస్టల్లో ఈ విషయం మాట్లాడితే మా రూమ్మేట్ (సీఎస్‌ఈ, ఏఐ స్పెషలైజేషన్) ఒకటే మాటన్నాడు: "ట్రాన్స్‌లేటర్ యాప్ ఉండగా భాషకు డిగ్రీ ఎందుకు బ్రో?"

గట్టి ప్రశ్నే. దాటేయను. కానీ ఆ యాప్ ఎట్లా పుట్టిందో చూడండి. ఐబీఎం వాళ్లు 1980ల చివర్లో గణాంకాలతో అనువాదం మొదలుపెట్టినప్పుడు వాడింది కెనడా పార్లమెంటు చర్చలు. ఎందుకంటే అవి చట్టప్రకారం ఇంగ్లీషు, ఫ్రెంచ్ రెండిట్లోనూ అచ్చవుతాయి. 2017లో ఎనిమిది మంది రాసిన "అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్" పేపర్‌ను మనం సెమినార్లలో జపం చేస్తాం. ట్రాన్స్‌ఫార్మర్ పుట్టింది అందులోనే, ఇప్పటి చాట్‌బాట్లన్నిటికీ మూలం అదే. దాన్ని పరీక్షించిన పని ఏంటో తెలుసా? ఇంగ్లీషు నుంచి జర్మన్, ఇంగ్లీషు నుంచి ఫ్రెంచ్ అనువాదం. ఫ్రెంచ్‌కు వాళ్లు వాడినవి 3.6 కోట్ల వాక్యాల జంటలు. ఆ వాక్యాలు ఆకాశం నుంచి పడలేదు. పార్లమెంట్లలో, ఐక్యరాజ్యసమితిలో జీతానికి కూర్చున్న అనువాదకులు ఏళ్ల తరబడి రాసినవి చాలా ఉన్నాయి అందులో. భాష చదివినవాళ్ల చెమట మీదనే మెషీన్ నడుస్తోంది.

ఇప్పుడు తెలుగు, స్పానిష్ జంట వాక్యాలు ఎన్నున్నాయి? లెక్క నా దగ్గర లేదు, కానీ ఏ పార్లమెంటూ ఆ రెండు భాషల్లో అచ్చు వెయ్యదు. అందుకే మెషీన్ చాలాసార్లు ఇంగ్లీషును మధ్యలో పెట్టుకుంటుంది. మీరే చేసి చూడండి. "మీరు ఎప్పుడు వస్తారు?", "నువ్వు ఎప్పుడొస్తావ్?" రెండూ ఇంగ్లీషులోకి పోతే ఒకటే "యూ". అక్కడి నుంచి స్పానిష్‌లోకి పోయేటప్పుడు "ఉస్తెద్" అనాలా "తూ" అనాలా అనేది మెషీన్‌కు ఎట్లా తెలుస్తుంది? తెలుగులో మర్యాద ఉంది, స్పానిష్‌లో మర్యాద ఉంది, మధ్య స్టేషన్‌లో అది దిగిపోయింది. మామగారిని "ఏరా" అన్నంత పనవుతుంది. దీన్ని పట్టుకునే మనిషి, సరిచేసే మనిషి, ఆ జంట వాక్యాలు తయారుచేసే మనిషి కావాలి. మా రూమ్మేట్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు తెలుగు అనువాదం మీదే. డేటా లేదని తల పట్టుకుని కూర్చున్నాడు. మా చెల్లె నంబర్ ఇవ్వమంటే ఇవ్వలేదు, అది వేరే సంగతి.

నిజానికి మనం ఇంజనీరింగ్ విద్యార్థులం ఈ భాషలను రోజూ నోట్లో నలుపుతూనే ఉంటాం, తెలియక. సివిల్ వాళ్లు సిమెంటు ల్యాబ్‌లో "వికాట్ అపరేటస్" పట్టుకుంటారు కదా, ప్లంజర్ అడుగు నుంచి 5, 7 మిల్లీమీటర్ల మధ్య ఆగాలని నీళ్లు కొలుస్తూ. అది "వికా", చివరి "ట్" పలకదు. లూయీ వికా ఫ్రెంచ్ ఇంజనీరు, 1817లో కృత్రిమ సిమెంటు తయారీ కనుక్కున్నాడు. ఆయన కొడుకు 1853లో పెట్టిన కంపెనీ ఇప్పటికీ ఉంది. కడప దగ్గరి భారతి సిమెంట్‌లో 51 శాతం వాళ్లదే. ఇంకా దగ్గర కావాలంటే, తాండూరు నుంచి సరిహద్దు దాటితే చించోళి తాలూకా ఛత్రశాలలో ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ కూడా వాళ్లదే. ల్యాబ్‌లో పట్టుకున్న సూది పేరు, ఊరి పక్క పొగగొట్టం వెనకున్న పేరు ఒకటే. ఇక "పాయిజన్స్ రేషియో" సంగతి. పాయిజన్ కాదు, "ప్వాసోఁ". ఫ్రెంచ్‌లో చేప అని అర్థం. ఫోరియర్ కాదు ఫూరియే, క్యాస్టిగ్లియానో కాదు కస్తిల్యానో. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 పేర్లలో వికా, ప్వాసోఁ, ఫూరియే, లప్లాస్, లగ్రాంజ్ అందరూ ఉన్నారు. మన సిలబస్ సగం ఆ ఇనుప స్తంభం మీద ఉంది.

కందుల సంగతి కూడా చెప్పాలి. తాండూరు కందిపప్పుకు 2022లో జీఐ గుర్తింపు వచ్చింది, మాకందరికీ గర్వం. అదే కంది కోసం మన దేశం 2016లో మొజాంబిక్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ దేశ అధికార భాష పోర్చుగీస్. అక్కడి కందులు ఎక్కువ దిగిన ఏడు ఇక్కడి మార్కెట్ యార్డులో రైతు మొహం వేరుగా ఉంటుంది. అట్లాగని మొజాంబిక్ వ్యాపారంలో తాండూరు పిల్లకు పోర్చుగీస్ ఉద్యోగం కాచుకుని ఉందని చెప్పను. అక్కడా ఇక్కడా పెద్ద వ్యాపారులు ఇంగ్లీషులోనే పని కానిచ్చుకుంటారు. ఛత్రశాల ఫ్యాక్టరీలో ఫ్రెంచ్ అడిగే ఉద్యోగాలు వేళ్ల మీద కూడా ఉండవు. ఇలాంటి లింకులు చూపించి పిల్లల్ని చేర్పించేవాళ్లంటే నాకు పడదు.

మరి చిన్నాయన ప్రశ్నకు జవాబేంటి? నేను ఆయనకు చెప్పింది ఇది. హైదరాబాద్‌లో ప్రైవేటు బడుల్లో ఫ్రెంచ్, స్పానిష్ టీచర్లు కావాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో ఆ భాషల్లో కస్టమర్లతో మాట్లాడే పని, కంటెంట్ చూసే పని ఉంటుంది. మొదట్లో వచ్చే పగారు మోస్తరుగా ఉంటుంది. మామూలు ఉత్తరాలు, యూజర్ మాన్యువళ్ల అనువాదం మాత్రం మెషీన్ మింగేస్తోంది, దాన్ని నమ్ముకోవద్దు. బి1 దగ్గర ఆగిపోయినవాళ్లు ఇబ్బంది పడతారు. ఎంఏ చేసి, లోతుకు పోయి, దానికి తోడు ఇంకో పని (చట్టమో, కంప్యూటర్ భాషాశాస్త్రమో, బోధనో) పట్టుకున్నవాళ్లు నిలబడతారు. అంటే ఏడెనిమిదేళ్ల ఓపిక కావాలి. ఆ ఓపిక అందరి ఇళ్లలో ఉండదు, ఆ మాట చెప్పకుండా "నీ కలను వెంబడించు" అనడం పెద్దింటి పిల్లల మాట. ఇంటి పెద్ద ఖర్చు భరించలేని చోట అన్నదమ్ముల చదువును తూకం వేయడం తప్పని నేననను.

కానీ ఇంకోటి కూడా చెప్పాను. "చిన్నాయనా, నన్ను ఇంజనీరింగ్‌ల చేర్పిచ్చేటప్పుడు పగారెంతని ఎవ్వరన్న అడిగిండ్రా?" అడగలేదు. ఇంజనీరింగ్ అంటే పగారు ఖాయమని అందరికీ తెలిసినట్టే ఉండింది. నాలుగేళ్ల ఫీజు కట్టి, మళ్లీ అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు కట్టే సీనియర్లను నేను రోజూ చూస్తున్నా. సివిల్ చదివి సైట్ మీద ఇచ్చే జీతంతో రూమ్ కిరాయి వెళ్లక కోడింగ్‌కు మళ్లినవాళ్లున్నారు. లెక్క అడగాలంటే రెండు దిక్కులా అడగాలి. ఒక దిక్కు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఫీజు, ఇష్టపడి చదివే పిల్ల. ఇంకో దిక్కు మన ప్రైవేటు కాలేజీ ఫీజు, మొదటి సెమిస్టర్లోనే రెండు సప్లీలు తెచ్చుకునే పిల్ల. లెక్కలు రాసే మనిషికి ఇంతకన్నా చెప్పనక్కర్లేదు అనుకున్నా.

ఆయన ఏమీ అనలేదు. "సూద్దాం తియ్యి" అన్నాడు.

చెల్లె ఎంట్రెన్స్ రాసింది. ఇంగ్లీషు పేపర్లో ఒక పాసేజీ అస్సలు అర్థం కాలేదని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఫలితం ఇంకా రాలేదు. అవ్వ మాత్రం "హుడుగి హోగలి, బిడు" అంటోందట, పిల్లను పోనీ, వదిలెయ్ అని. మొన్న ఆదివారం చిన్నాయన తనే ఫోన్ చేశాడు. కాలేజీ, పరీక్షల ముచ్చట ఏదీ తీయలేదు. శనివారం పొద్దుగూకినంక తార్నాకల బయల్దేరితె లింగంపల్లిల తాండూరు రైలు దొరుకుతదా, వికారాబాద్ దాటేసరికి ఎంతైతది, ఆడపిల్ల ఒక్కతి రావచ్చునా అని అడిగాడు. టైమింగ్స్ చూసి చెప్తానన్నాను.